ఒకటి దగ్గర పట్టు

జనవరి ముప్పై ఒకటో తేదీ, బుధవారం, మొదటి పీరియడు. పదో తరగతి బి బ్యాచి అమ్మాయి సాహిరా వరండాలో తన బెంచీ మీద నుంచి లేచి, ఎ బ్యాచి గదిలోకి వెళ్లి, మూడో వరసలో కూర్చుంది.

లెక్కల మాస్టారు సుధాకర్ అప్పుడు బోర్డు తుడుస్తున్నాడు. బెంచీ కిర్రుమన్న చప్పుడుకి వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా, చాక్‌పీసు కావాల్నా?"

"పాఠం వినేదానికి వచ్చినా సార్."

"నీది వరండా గదా."

"ఇవాళ త్రికోణమితి మొదలుపెడతా ఉండారు. వరండాలో అది చెప్పరంట."

పక్క వరసలో మధుబాబు నవ్వాడు. ఊరి తూర్పున ఉన్న రొయ్యల గుంటల్లో సగం వాళ్ల నాయనవి. "సార్, వాకాడు బస్సు ఎక్కబోయి నెల్లూరు బస్సు ఎక్కేసినట్టుంది సార్," అన్నాడు. గదిలో నవ్వులు లేచాయి.

"లేచి పోమ్మా," అన్నాడు సుధాకర్.

"పోను సార్."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, బోర్డు వంక చూస్తూ అంది. సుధాకర్ డస్టరు పట్టుకొని నిలబడ్డాడు. ఈ పాఠానికి అతనికి దొరికేది ఈ వారమే. బోర్డు వైపు తిరిగి లంబకోణ త్రిభుజం గీశాడు. పీరియడు అయ్యేదాకా మూడో వరస వైపు చూడలేదు. సాహిరా బోర్డు మీద ఉన్నదంతా రాసుకుంది.

ఈదులమిట్ట హైస్కూల్లో పదో తరగతిని రెండుగా విడగొట్టి వారమైంది. పోయినేడు లెక్కల్లో పిల్లలు తప్పారు. ఈ ఏడు ఒక్కరు తప్పినా సంజాయిషీ చెప్పుకోవాలని హెడ్మాస్టరు రేవతి మేడానికి పైనుంచి మాట వచ్చింది. ఒక పరీక్ష పెట్టి, మార్కులు వచ్చినవాళ్లని ఎ బ్యాచి అన్నారు. వాళ్లకి గది, బోర్డు, మొత్తం పాఠాలు. రానివాళ్లు బి బ్యాచి. వాళ్లకి వరండా, రోజూ అవే గ్రాఫులు, అవే నిర్మాణాలు. గీసిందే గీస్తే ముప్పై అయిదు మార్కులు చేతికొస్తాయని లెక్క.

ఆ పరీక్షలో బొమ్మలు గీసే ప్రశ్నలు ఎక్కువ పడ్డాయి. సాహిరా గీసిన ప్రతి బొమ్మకీ అడ్డంగా ఎర్రగీత పడింది. పక్కన 'కొలత తప్పు' అని ఉంది. చివర 'కొలవడం రాదు' అని ఉంది.

ఆమెకి పాలిటెక్నిక్‌లో చేరాలని ఉంది. ఆ ప్రవేశ పరీక్షలో లెక్కల వాటా పెద్దది. త్రికోణమితి లేకుండా ఆ పరీక్ష రాయడమంటే పడవెక్కి తెడ్డు గట్టు మీద వదిలిపెట్టడమే అన్నాడు, వరండాలో ఆమె ముందు బెంచీలో కూర్చునే హెబ్రోను. వాళ్ల నాయన సముద్రం మీద చేపల వేటకి పోతాడు.

సాయంత్రం సాహిరా ఇంటికి వచ్చేసరికి వాళ్లమ్మ జాన్‌బీ మిషను మీద ఉంది. ముందు గదిలో మిషను, దాని పక్కన చెక్క బల్ల, బల్ల మీద సుద్ద, కత్తెర, టేపు. ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లు చాలావరకు ఆ బల్ల మీదనే తయారవుతాయి. మాపటేళ కొలతలు పెట్టడం, కత్తిరించడం సాహిరా పని.

ఆమె బళ్లో అడిగి తెచ్చుకున్న తన పరీక్ష పేపరు తీసి బల్ల మీద పరిచింది. పుట్టినప్పటి నుంచీ కొలతల మధ్య పెరిగిన పిల్లకి కొలవడం రాదని రాసినాయన ఏం చూసి రాశాడో చూడాలనుకుంది. జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి మొదటి బొమ్మ మీద పెట్టింది. ఆరు సెంటీమీటర్లు గీయమన్నారు. తను గీసింది ఏడు. తర్వాతి భుజం ఏడు ఉండాలి. ఎనిమిది ఉంది. వృత్తం వ్యాసార్ధం మూడు అడిగారు. కంపాస్ ముల్లు పడిన చోటి నుంచి కొలిస్తే నాలుగు.

స్కేలు పక్కన పెట్టి వాళ్లమ్మ వైపు చూసింది.

జాన్‌బీ మిషను ఆపి, ఎవరిదో జాకెట్టు చేతికి గుడ్డ కొలుస్తోంది. టేపు కొసన ఇత్తడి బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. మొదటి అంగుళం నూలు పోగులై పీచుగా ఉంది. అందుకని ఆమె కొస పట్టుకోదు. ఒకటి అంకె మీద బొటనవేలు నొక్కిపెట్టి, పది కావాలంటే పదకొండు దాకా లాగుతుంది. సాహిరాకి సుద్ద చేతికిచ్చిన రోజున నేర్పింది కూడా అదే. ఒకటి దగ్గర పట్టు, ఒకటి ముందుకి పో.

"అమ్మా, ఇట్రా."

"నువ్వే రా. చేతిలో పనుండాది."

సాహిరా పేపరూ స్కేలూ మిషను దగ్గరికి తెచ్చి చూపించింది. "ఈ స్కేలు సున్నా దగ్గర మొదలవుద్ది. నేను సున్నా దగ్గరే పెట్టినా. కానీ చెయ్యి ఒకటి ముందుకి పోయింది. అన్నింటిలోనూ ఒకటే జాస్తి."

జాన్‌బీ పేపరు వంక, టేపు వంక చూసింది. "అయితే తప్పు నాదంటావా?"

"టేపుది. కొత్తది కొనగూడదా?"

"కొత్త టేపు సాగుద్ది. నాలుగు నెల్లు పోతే అంగుళానికి అబద్ధం చెప్తాది. ఇది అరిగిందేగాని అబద్ధం చెప్పదు." ఆమె మళ్లీ మిషను తొక్కింది.

సాహిరా తెల్లకాగితం తీసి గీతలు గీయడం మొదలుపెట్టింది. సున్నా దగ్గర పెట్టి, ఆరు అనుకొని గీసింది. పెన్సిలు ఏడు దాకా పోయింది. చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ పోయింది. ఆరు అంకె మీద ఎడమ చేతి వేలు అడ్డం పెట్టి గీసింది. వేలు తీసి గీసింది. కాగితం రెండు వైపులా నిండేసరికి చెయ్యి ఆరు దగ్గర ఆగింది. అయిదు అంటే అయిదు దగ్గర, తొమ్మిది అంటే తొమ్మిది దగ్గర ఆగింది.

"ఆ గీతలు చాల్లే," అంది జాన్‌బీ మిషను మీద నుంచి. "హెచ్చెమ్ మేడం గుడ్డ ఉండాది చూడు, నీలం రంగుది. కొలతలు గోడ మీద రాసినా. కత్తిరించి పెట్టు. ఆదివారం కావలిలో పెళ్లంట."

సాహిరా గుడ్డ నాలుగు మడతలు వేసి, అరచేత్తో సాపు చేసి, టేపు పరిచి, సుద్ద గీసింది. కత్తెర తీసుకుంది.

గురువారం ఆమె మళ్లీ ఎ బ్యాచి గదికి వెళ్లింది. ఈసారి బెంచీ మీద కూర్చోకుండా నేరుగా సుధాకర్ టేబులు దగ్గరికి పోయి, పేపరు ముందు పెట్టింది. టేపు సంగతి చెప్పింది.

సుధాకర్ సాంతం విన్నాడు. "బాగుంది. మార్చిలో పేపరు దిద్దేవాళ్లకి కూడా ఈ టేపు కథ రాసి పంపిస్తావా?"

"పంపను సార్. ఇప్పుడు చెయ్యి సరిచేసుకున్నా."

"తప్పుకి కారణం ఉంటే తప్పు ఒప్పవుద్దా?"

"కాదు సార్. బొమ్మ తప్పే. కొలవడం రాదని రాసినారే, అదీ తప్పే."

గదిలో ఎవరూ నవ్వలేదు. సుధాకర్ మొహం మారింది. "నిలబడు," అన్నాడు. "వినాలనుంటే నిలబడి విను."

ఆమె మూడో వరస పక్కన గోడ వారగా నిలబడింది. పుస్తకం ఎడమ మోచేతి మీద పెట్టుకొని రాసింది. సుధాకర్ సైను, కొసైను పట్టిక వేశాడు. కింద బల్ల లేక పెన్ను మొన రెండుసార్లు కాగితంలో దిగబడింది. ఆమె పేజీ తిప్పి మళ్లీ రాసింది. మధుబాబు తల ఎత్తకుండా, "ఒసే దర్జీ, నా చొక్కాకి గుండీ ఊడింది," అన్నాడు.

"తీసకరా. కుడతా. ఊరికే కాదు, నీ గైడు రెండు రోజులు ఇవ్వాల."

ఈసారి నవ్వింది మధుబాబు పక్కవాళ్లు.

మధ్యాహ్నం భోజనాల దగ్గరికి అటెండరు చెంచయ్య వచ్చి, రేపు మీ అమ్మని తీసుకొని రమ్మన్నారు మేడం అని చెప్పి పోయాడు.

సాయంత్రం జాన్‌బీ కత్తిరించిన నీలం ముక్కలు చేతికి తీసుకుంది. వెనక భాగం భుజం మీద వేసి చూసుకుంది. కింద పెట్టి టేపు పట్టింది. ఒకసారి కొలిచి, మళ్లీ కొలిచింది.

"ఏమే, నిడివి ఎంత పెట్టినావు?"

"పద్నాలుగు."

"యాడ్నించి?"

సాహిరా టేపు అందుకుంది. బొటనవేలు ఒకటి అంకె మీద పడింది. నిన్న కాగితం మీద దిద్దిన చెయ్యి, టేపుని అలవాటు కొద్దీ ఒకటి దగ్గర పట్టింది. కొత్తగా నేర్చుకున్న చోట, పద్నాలుగు దగ్గర ఆగింది.

జాన్‌బీ నేల మీద కూలబడింది. ముక్కలు ఒళ్లో వేసుకుంది. "ఊరు ఊరంతా గుడ్డలుండగా మేడం గుడ్డే దొరికిందటే నీకు?"

"అతుకు వేస్తే?"

"అతుకేసిన జాకెట్టు తొడుక్కొని పెళ్లికి పోతాదా ఆయమ్మ? రేపు రమ్మన్నారంటివి. ఏ మొహం పెట్టుకొని పోవాల నేను? ఆడ నువ్వు చేసిందానికొకటి, ఈడ చేసిందానికొకటి."

"రెండూ నేను చేసినవే."

"అయితే రెండిటికీ కాళ్లు పట్టుకో."

సాహిరా కింద పడిన సుద్ద తీసి బల్ల మీద పెట్టింది. "జాకెట్టుకి తప్పయిందని చెప్తా. కూర్చున్నదానికి చెప్పను."

"చెప్పకపోతే బళ్లోనించి పంపిస్తే?"

"చెప్తే వరండాలో ఉంచుతారు. దానికీ దీనికీ తేడా ఏందిమా?"

జాన్‌బీ నేల మీద నుంచి లేచింది. ముక్కలు ఒక్కొక్కటే మడిచి కవరులో పెట్టింది.

శుక్రవారం పొద్దున హెడ్మాస్టరు గదిలో రేవతి మేడం కుర్చీలో ఉంది. సుధాకర్ కిటికీ పక్కన నిలబడ్డాడు. జాన్‌బీ కొంగు భుజాల చుట్టూ కప్పుకొని, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"చూడు జాన్‌బీ," అంది మేడం. "నీ కూతురి మీద నాకు కోపమేం లేదు. ఒక్కరు తప్పినా ఈ బడి పేరు పోతుంది. పాసయ్యే దారి చూపిస్తా ఉంటే, సార్ మాట వినకుండా పోయి కూర్చుంటే ఎట్లా?"

"తప్పే మేడం," అంది జాన్‌బీ. "ఇంకొక తప్పు కూడా ఉండాది." కవరు టేబులు మీద పెట్టింది. ముక్కలు బయటికి తీసింది.

మేడం గుర్తుపట్టింది. వెనక భాగం ఎత్తి పట్టుకొని చూసింది. "ఇది నాదేనా? చంటిపిల్ల చొక్కా మాదిరి ఉంది!"

"నేను కత్తిరించినా మేడం," అంది సాహిరా. "చెడగొట్టినా. తప్పయింది."

"ఎంత తగ్గింది?"

"నిడివి ఒక అంగుళం. చెయ్యి ఒక అంగుళం. ఛాతీ నాలుగు."

మేడం సుధాకర్ వైపు తిరిగింది. "వింటా ఉండారా? ఒకచోట ఒకటి, ఒకచోట నాలుగు. ఇదీ ఈ పిల్ల కొలత. మీరు పేపరు మీద రాసింది ఉత్తగా రాయలేదు."

"ఛాతీ కూడా ఒకటే మేడం," అంది సాహిరా. "గుడ్డ నాలుగు మడతల మీద ఉండాది. మడతకి ఒకటి."

సుధాకర్ కిటికీ దగ్గర నుంచి వచ్చాడు. ముక్కలు తీసుకున్నాడు. ఉండాల్సిన కొలతలు జాన్‌బీ చెప్తుంటే, టేబులు మీదున్న స్కేలు పెట్టి నిడివి కొలిచాడు. చేతి ముక్క కొలిచాడు. ఛాతీ భాగాలు పరిచి నాలుగు పాళ్లూ విడివిడిగా కొలిచాడు. పెదాలు కదిలాయి.

"ఆ పేపరు ఉందా?" అన్నాడు.

సాహిరా సంచిలోంచి తీసిచ్చింది. అతను తను కొట్టిన ఎర్రగీతల కింద స్కేలు పెట్టాడు. మొదటి త్రిభుజం మూడు భుజాలూ కొలిచాడు. సరూప త్రిభుజం కొలిచాడు. వృత్తం కొలిచాడు. పేపరు తిప్పి మళ్లీ మొదటి బొమ్మకి వచ్చాడు.

"నిన్న చెప్పినప్పుడు మీరు కొలవలేదు సార్," అంది సాహిరా.

జాన్‌బీ ఆమె మోచెయ్యి గిల్లింది.

"కొలవలేదు," అన్నాడు సుధాకర్. మేడం వైపు తిరిగాడు. "కొలత రాని పిల్ల అయితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుంది మేడం. పేపరులో అన్నీ ఒకటి ఎక్కువ. ఈ గుడ్డలో అన్నీ ఒకటి తక్కువ. నేను మొదటి గీత చూసి మిగతాది కొట్టేసినాను."

మేడం ముక్కలు కవరులో పెట్టింది.

"సరే. సోమవారం నుంచి ఎ బ్యాచిలో కూర్చో. ఇంక ఈ గొడవ ఇంతటితో వదిలెయ్."

"తక్కినవాళ్లో మేడం?"

"ఏ తక్కినవాళ్లు?"

"వరండాలో ఉండేవాళ్లు. హెబ్రోను పేపరు మీద కూడా మొదటి గీత చూసే కొట్టేసినారేమో. వాడికి యాడ తప్పు పోయిందో ఎవరూ చూడలేదు. మాకందరికీ త్రికోణమితి చెప్పాల."

"నీ సంగతి తీరింది గదమ్మా. ఊరందరి సంగతి నీకెందుకు?" మేడం గొంతు లేచింది. "అడిగినవాళ్లందరినీ లోపల కూర్చోబెడితే బ్యాచీలెందుకు పెట్టినట్టు?"

"అదే మేడం నేనూ అడగతా ఉండేది."

మేడం జాన్‌బీ వైపు తిరిగింది. "తీసుకుపో ఈ పిల్లని. సాయంత్రం వేరే గుడ్డ పంపిస్తా. రేపు మాపటికి కావాలి. నువ్వే కత్తిరించాల. ఈ పిల్ల చెయ్యి పడగూడదు."

జాన్‌బీ కవరు చంకలో పెట్టుకుంది. తలుపు దాకా పోయి ఆగింది.

"పిల్లే పెడతాది మేడం కొలత," అంది. "నేను పక్కన ఉంటా. కానీ పెట్టేది అదే."

మేడం బదులు చెప్పేలోగా ఆమె మెట్లు దిగింది.

శనివారం సాహిరా వరండాలోనే కూర్చుంది. జరిగింది చెప్పింది. నీలవేణి అనే అమ్మాయి గ్రాఫు కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. "నీకు సీటు వొచ్చిందిగా. పో మరి. పోయినాక మాకు చెయ్యి ఊపు."

"నేనొక్కదాన్నే పోను."

"మేమొచ్చి ఏం చెయ్యాల?" అన్నాడు హెబ్రోను. "నాకు లెక్కలు అంటేనే కడుపులో తిప్పుద్ది. సముద్రం మీద కూడా అంత తిప్పదు."

"నీకు ఏది రాదో నీకు తెలుసా?"

"అన్నీ రావు."

"అన్నీ రావని ఎవరు చెప్పినారు? నాకూ కొలవడం రాదనే చెప్పినారు."

హెబ్రోను పెన్సిలు కొరికాడు. "ఆ గదిలో కూర్చునేదానికి చోటు కూడా లేదు. మనం పోతే నేల మీద కూర్చోవాల. మధుబాబు కాళ్ల దగ్గర. నేను కూర్చోను."

సాహిరా కూర్చున్న బెంచీని అరచేత్తో తట్టింది.

"చోటు మనమే తీసకపోదాం."

నీలవేణి అప్పుడు తల ఎత్తింది.

ఆ సాయంత్రం, సాహిరానే కొలత పెట్టిన కొత్త గుడ్డతో జాకెట్టు పూర్తయింది. చెంచయ్య వచ్చి తీసుకుపోయాడు. ఆదివారం మేడం కావలి వెళ్లి వచ్చింది. దిద్దమని జాకెట్టు తిరిగి రాలేదు.

ఫిబ్రవరి అయిదో తేదీ, సోమవారం, మొదటి పీరియడు గంట కొట్టాక సుధాకర్ ఎ బ్యాచి గదిలో హాజరు పిలుస్తున్నాడు. బయట కర్ర నేల మీద ఈడ్చిన చప్పుడైంది. గుమ్మంలోకి ముందు వెనక్కి నడుస్తూ సాహిరా వచ్చింది, తర్వాత ఆమె పట్టుకున్న బెంచీ కొస. రెండో కొస హెబ్రోను పట్టుకున్నాడు. బెంచీ కాలు గుమ్మానికి తట్టుకొని ఇరుక్కుంది.

"పక్కకి తిప్పు."

"యా పక్కకి?"

"నా పక్కకి కాదు, నీ పక్కకి!"

"హైలెస్సా అంటే గాని ఇది కదలదు," అన్నాడు హెబ్రోను. వెనక నుంచి నలుగురైదుగురు హైలెస్సా అన్నారు. బెంచీ లోపలికి వచ్చింది. గుమ్మం దగ్గర పెచ్చు ఊడి రాలింది. దాని వెనకే నీలవేణి వాళ్ల బెంచీ వచ్చింది. దాని వెనక ఇంకొకటి.

మధుబాబు లేచాడు. "సార్, ఏంది సార్ ఇది? మాకు గాలాడదు."

సుధాకర్ హాజరు పుస్తకం మూశాడు. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూశాడు. తన టేబులు రెండు చేతులతో పట్టుకొని, బోర్డుకి ఆనేదాకా వెనక్కి జరిపాడు. కుర్చీ తీసి బయట పెట్టాడు. బెంచీలు ముందుకి జరిగాయి.

నాలుగో బెంచీ గుమ్మం దగ్గరికి వస్తుండగా రేవతి మేడం వరండాలోకి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. బెంచీ మోస్తున్నవాళ్లు ఆగిపోయారు. సాహిరా లోపలి నుంచి వచ్చి ఆ బెంచీ కొస అందుకుంది. కింద పెట్టలేదు.

"ఏంది సుధాకర్ గారూ ఇది?"

సుధాకర్ గుమ్మం దాకా వచ్చాడు. చేతికి చాక్‌పీసు పొడి ఉంది.

"పదో తరగతి మేడం," అన్నాడు.

మేడం బెంచీ వంక చూసింది. దాన్ని పట్టుకున్న పిల్ల వంక చూసింది. సాహిరా చేతులు మార్చుకొని బెంచీని ఇంకాస్త పైకి ఎత్తి పట్టింది. మేడం గుమ్మం ముందు నుంచి ఒక అడుగు పక్కకి తప్పుకుంది. బెంచీ లోపలికి వెళ్లింది.

సుధాకర్ మూలనున్న కట్టలోంచి పరీక్ష పేపర్లు తీసి టేబులు మీద పెట్టాడు. అందులో పైది తీసి, "హెబ్రోనూ, స్కేలు తీసుకొని ఇట్రా," అన్నాడు. తర్వాత బోర్డు మీద మొదటి రోజు గీసిన లంబకోణ త్రిభుజాన్నే మళ్లీ గీశాడు.

రెండో పీరియడు గంట కొట్టేటప్పటికి వరండాలో బెంచీలు లేవు.